పది అడుగుల దూరంలో పొంగలి గిన్నె

అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా గుడి వంటింటి తాళంచెవి పదకొండేళ్ళు ఛాయాదేవి కొంగుముడిలోనే ఉండేది. శనివారం పొద్దున ఆరింటికల్లా తలుపు తీసి, ఏడింటికి దేవుడికి చక్రపొంగలి అందించేది. ఒంట్లో బాగాలేకపోతే తాళంచెవి తనతోపాటు వండే శ్రీవిద్య చేతికి, ఆమెకు కుదరకపోతే ఇంకొకరి చేతికి. ఎవరి చేతిలో ఉన్నా పొంగలి మాత్రం ఏనాడూ ఆగలేదు.

నిరుడు వెండిపళ్ళెం పోయింది. తాళంచెవి ఎన్ని చేతులు తిరిగిందో ఎవరు చెప్పగలరు? కమిటీ చక్రపాణి తాళాలన్నీ పీకించి, కార్డుతో తెరుచుకునే, ఎక్కడున్నా ఫోన్‌లోంచి తీయగలిగే క్లౌడ్ తలుపులు పెట్టించాడు. తర్వాత ఉద్యోగమని కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ పోయినా, ఎవరొచ్చారో, ఎవరు పోయారో అక్కడినుంచే ఫోన్‌లో చూస్తాడు. ఒకసారి పైపు పగిలితే, అక్కడినుంచే ఇక్కడి ప్లంబరుకు తలుపు తీశాడు. అబద్ధమెందుకు, ఆ తలుపులొచ్చాక గుడిలో చెంచా కూడా పోలేదు.

మొన్న జ్వరమొచ్చి ఛాయాదేవి పాత అలవాటు చొప్పున తన కార్డు శ్రీవిద్యకిచ్చింది.

ఈ శనివారం ఛాయాదేవి, మోకాళ్ళు పట్టేసిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తనే కారు నడుపుకుంటూ వచ్చింది. కార్డు పెడితే ఎర్రదీపం. తుడిచి పెట్టినా ఎర్రదీపమే. అద్దంతలుపు అవతల పూజారిగారు నిలబడి ఉన్నారు.

"తీయండి స్వామీ!"

"తీయకూడదమ్మా, పైన కెమెరా ఉంది. ఎవరి కార్డుతో వాళ్ళే రావాలట. నా వీసా వీళ్ళ చేతిలో ఉంది."

చేతిలో నానబోసిన బియ్యం, పెసరపప్పు. దేవుడి గిన్నెను తొక్కే నేలమీద పెట్టదు ఛాయాదేవి. వెనక్కొచ్చి కారు బానెట్ మీద పెట్టి, కారులోనే కూర్చున్న నా దగ్గర ఫోన్ తీసుకుంది. మనకు ఆరైతే అక్కడ మూడు. నాలుగోసారికి చక్రపాణి ఎత్తాడు.

"ఆంటీ, టైమ్ చూశారా? మీ కార్డ్ డిసేబుల్ చేశాను. మెయిల్ పంపాను కదా."

"మెయిలెవరు చదివారు నాయనా! నేను దొంగనా?"

"అది కాదాంటీ. కార్డ్ మీది, కెమెరాలో మనిషి వేరే. షేర్ చేయకూడదు."

"జ్వరమొస్తే దేవుణ్ణి పస్తుంచమన్నావా?"

"సరే, ఈ ఒక్కసారికి ఇక్కడ్నుంచే ఓపెన్ చేస్తున్నా. వెళ్ళండి."

తలుపు దగ్గర పచ్చదీపం వెలిగింది. ఛాయాదేవి గిన్నె ఎత్తుకుంది. పది అడుగులు. కింద మంచు గడ్డకట్టి ఉంది. పరిగెత్తితే దేవుడి బియ్యం నేలపాలు. పచ్చదీపం అయిదు సెకన్లే ఉంటుందని ఆ మహానుభావుడు చెప్పలేదు. ఆమె చెయ్యి వేసేలోపు టక్కుమని మళ్ళీ తాళం పడింది.

మళ్ళీ ఫోన్ చేశాం. మోగి మోగి ఆగిపోయింది. మూడింటికి పడుకోడా మరి!

ఏడింటికి లోపల గంట మోగింది. పూజారిగారు అద్దం దగ్గరికొచ్చి చేతులు జోడించారు.

"ఏం పెట్టారు స్వామీ?"

"పటికబెల్లం ముక్క, తల్లీ."

గిన్నె నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. కారెక్కి ఒళ్ళో పెట్టుకుంది.

"పద అక్కయ్యా, బియ్యం మరీ నానిపోతున్నాయి," అంది. కారు మాత్రం తీయలేదు.