అన్న పంచాలి, తమ్ముడు కోరుకోవాలి

ప్రొద్దుటూరులో మా బట్టల అంగడి పంచుకునే ముందురోజు నాన్న మీద నాకు పీకల దాకా కోపం. రెండు గదుల అంగడి, పులివెందుల దగ్గర చీనీతోట, అంటే బత్తాయి తోట. పంచుకోవాల్సింది నాన్న, చిన్నాయన ఇద్దరే. మధ్యలో గోడ కట్టేస్తే పోలా? హైదరాబాదులో పెరిగిన నాకు అదే తోచింది. నాన్నకు గోడ మాటెత్తితేనే భయం. జమ్మలమడుగులో ఆయన మేనమామలు గోడ కట్టుకున్నాక ఒకరి చావుకు ఒకరు పోలేదు.

"పెద్దోడు భాగాలెయ్యాల, చిన్నోడు కోరుకోవాల," అని నాన్నమ్మ తేల్చేసింది.

తోట చూసి బస్సులో వస్తూ ఫోన్ తెరిచాను. ఉత్తర యూరప్‌లో ఒక్కో సీమను ఏలిన డ్యూకుల చరిత్రంటే నాకు పిచ్చి. నాన్నమ్మ చెప్పిన పద్ధతే అక్కడా ఉంది!

"నాన్నా, డెన్మార్క్ రాజూ తమ్ముడూ ష్లెస్విగ్, హోల్‌స్టైన్ సీమల్ని ఇట్లాగే పంచుకున్నారు. రాజు భాగాలేస్తే తమ్ముడు ముందు కోరుకున్నాడు."

చేతిలో సైన్యం పెట్టుకుని, తమ్ముడు వదిలిన భాగం కోసం కూర్చున్న రాజు! ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది.

"మధ్యలో గోడ కట్టినారా?" నాన్న అడిగాడు.

"లేదు. ముక్కలు చేసి కలగలిపేశారు. ఒకరి నేల తొక్కకుండా ఇంకొకరు తిరగలేరు."

ముద్దనూరు దాటేదాకా నాన్న బస్సు టికెట్టు వెనక ఏవో గీతలు గీస్తూనే ఉన్నాడు.

మరుసటి రోజు అంగట్లో పరుపు మీద కూర్చుని చెప్పాడు. "ముందర గది, తోటలో కిందిచెక్క ఒక భాగం. వెనక గది, బోరుండే పైచెక్క ఇంకో భాగం."

నాకు తిక్క రేగింది. "వెనక గదికి వీధి వాకిలి లేదు! కిందిచెక్కకు నీళ్ళు లేవు! ఏది తీసుకున్నా రెండోవాళ్ళను అడుక్కోవాల్సిందే కదా!"

"ఔ మల్ల," అన్నాడు నాన్న. చూపు తమ్ముడి మొహం మీదే ఉంది.

చిన్నాయన పగలబడి నవ్వాడు. "ఏందన్నా, భాగం పెడ్తాండావా, ముడేస్తాండావా?"

డెన్మార్క్ అన్నదమ్ముల కథ ఆయనకు చెప్పాను. ఉన్నమాట దాచలేక, "వాళ్ళ వారసులు మాత్రం తరతరాలు కొట్టుకున్నారు చిన్నాయనా," అన్నాను.

"ఆ కొట్లాట నువ్వూ మావోడూ చూసుకోండి మే. మేమున్నన్నాళ్ళు జరిగితే సాలు." అన్న వైపు తిరిగాడు. "నాకు వెనక గది ఇయ్యి. నేను నీళ్ళిడుస్తా, నువ్వు దావ ఇడువు."

ఇన్నేళ్ళూ ముందర గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఆయనే. ఆ చోటు అన్నకు వదిలేస్తున్నాడు.

తెల్లారి అంగడి తాళం నాన్న చేతికొచ్చింది. తీయడం చేతకాక తిప్పుతూనే ఉన్నాడు. నాన్న వెనకాల ఎండలో నిలబడ్డ చిన్నాయన గొంతు వినిపించింది.

"ఓ డెన్మార్కు రాజా! నా సీమకు పోవాల, బిరీన తెరువు సామీ!"