లామినేషన్ కొట్టించిన ఇరవై నాలుగు మాటలు

మా అక్క మొగుడు, అంటే మా బావ, పోర్టులో క్రేన్ నడుపుతాడు. ఓవర్‌టైమ్ డబ్బులు ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా క్రిప్టోలో పెట్టేడు, పాప ఇంజినీరింగ్‌కని. ఎక్కడో ఏదో యాప్ మూసేసి జనాల డబ్బు పోయిందని ఇన్నాక భయమేసి, కాయిన్లు మన సేతిలోనే ఉంచుకునే వాలెట్ ఒకటి తెప్పించేడు. పెన్‌డ్రైవ్ అంత ఉంటాది.

"నువ్వు ఫోన్ పట్టుకునే పుట్టేవు, నువ్వే సెట్ సెయ్యి బామ్మర్దీ" అన్నాడు.

గాజువాకలో వాళ్ళింట్లో కూర్చున్నాం. పిన్ పెట్టేక, దాని బుల్లి స్క్రీన్ మీద ఒక్కొక్కటిగా ఇరవై నాలుగు ఇంగ్లిష్ మాటలొచ్చేయి. వాలెట్ పోయినా, పాడైపోయినా ఈ మాటలుంటే కాయిన్లన్నీ తిరిగొత్తాయి. వేరే ఎవడి కంట పడినా, వాడు మొత్తం ఊడ్సుకుపోవచ్చు. కాయితం మీదే రాయమని, ఫోటో తియ్యొద్దని డబ్బాలో వచ్చిన పుస్తకంలో ఉంది. నాను సదివేను. సదివి, ఇదంతా ఏటీ తెలీనోళ్ళకి అనుకున్నాను.

బావ ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాత్తన్నాడు. మూడో మాటకే నాకు ఒళ్ళు మండింది. "ఇటివ్వు బావా, నువ్వు రాసేలోపు పాప పెళ్ళైపోద్ది" అని పెన్ను లాక్కున్నాను. మొత్తం రాసేక సూసి ఆయన నవ్వేడు.

"ఇది రాతేటి, పీతలు పాకినట్టుంది. రేపు నాకేదైనా అయితే మీ అక్క ఇది సదవగలదా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కాయిన్లు వాలెట్‌లోకి పంపేసేక, ఆయనకి సెప్పకుండా కాయితం ఫోటో తీసి సందు సివర జిరాక్స్ షాపు నంబరుకి వాట్సాప్ సేసేను. ఆధార్ కార్డైనా, మార్కుల లిస్టైనా మేమందరం అలాగే పంపుతాం. టైప్ సేయించి, ప్రింట్ తీయించి, లామినేషన్ కొట్టించి గొప్పగా తెచ్చిచ్చేను.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పేడు. "బాగుంది. టైప్ ఎవరు సేసేరు?"

"జిరాక్స్ అక్క."

బావ మెల్లిగా, "అంటే ఆవిడ సదివినట్టే కదా" అన్నాడు.

తప్పు నాదని ఆ క్షణమే తెలిసిపోయింది. అందుకే ఇంకా కోపమొచ్చింది. షాపుకెళ్ళి అందరి ముందూ అరిసేను, "మా బావ కాయితం ఎవరెవరికి సూపించేవు?" అని.

జిరాక్స్ అక్క మెషిన్ ఆపలేదు. "నువ్వే కదా పంపేవు బాబూ. పిల్లలకి డిక్టేషన్ అనుకున్నాను. అంత రహస్యమైతే నాకెందుకు పంపేవు?"

లైన్లో ఉన్నోళ్ళు నవ్వేరు. కంప్యూటర్ దగ్గర ఎవరో ఒకాయన తన ఫైల్ కోసం తనే మౌస్ పట్టుకుని వెతుక్కుంటన్నాడు. పాన్ కార్డులు, హాల్ టికెట్లు, అద్దె అగ్రిమెంట్లు, వాటి మధ్యలోంచి నేను పంపిన ఫోటో, నా రాతతో సహా, ఆయన కళ్ళ ముందే పైకి జరిగిపోయింది. నాను అడక్కుండానే జిరాక్స్ అక్క దాన్ని డిలీట్ సేసింది. నాను సారీ సెప్పలేదు. ఇప్పటికీ సెప్పలేదు. ఆ షాపు దారిలో ఎళ్ళాల్సొత్తే అవతల సందులోంచి తిరిగి పోతన్నాను.

డిలీట్ సేసి లాభం లేదు. ఒకరు సూసేసిన మాటలతో ఇంక తాళం పడదు. అదృష్టం కొద్దీ కాయిన్లు ఇంకా ఉన్నాయి. వాటిని బావ ముందు కాయిన్లు కొన్న యాప్‌లోని పాత అకౌంట్‌కి ఎనక్కి పంపి, వాలెట్ మొత్తం తుడిసేసి, మళ్ళీ మొదట్నుంచి పెట్టేను. కొత్త మాటల్లో మొదటిది రాకముందే బావ దాన్ని నా సేతిలోంచి తీసుకున్నాడు.

"ఇంక నాను సూసుకుంటాను. నువ్వలా వరండాలో కూర్చో" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉండుంటే నాకూ తిరిగి ఒక మాట అనడానికి దొరికేది.

కూర్చున్నాను. లోపల ఆయన ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ రాత్తన్నాడు, నాకు ఇనిపిత్తంది. రెండో మాట సగంలో ఆగిపోయేడు. లేచొచ్చి, నా వైపు సూడకుండా కిటికీ మూసేడు.

ఆయన గొంతు తగ్గించుకునే పని లేకుండా, నాను మెట్లు దిగి రోడ్డు మీదకెళ్ళిపోయేను.