ఎర్ర బకెట్లో కొరమీను

పందొమ్మిది వందల అరవై రెండులో నన్ను నెల్లూరు అగ్నిమాపక కేంద్రానికి స్టేషన్ ఆఫీసరుగా వేశారు. ఆ ఉద్యోగం పేరు చెబితే అందరికీ గంట కొట్టుకుంటూ పరుగెత్తే ఎర్ర బండే గుర్తొస్తుంది. నిజానికి మా పనిలో సగం మంట లేనిచోట చేసేదే. హోటలుకు లైసెన్సు ఇచ్చే ముందు పంచాయతీ వాళ్ళు మా అభిప్రాయం అడిగేవారు. పొయ్యికీ గోడకూ ఎడం ఉందా, పొగగొట్టం కప్పు దాటిందా, కిరోసిన్ డబ్బా ఎక్కడ పెట్టారు, ఇవన్నీ చూసి మేము సరే అనాలి. కాదంటే తలుపులు మూయాల్సిందే. అందుకే హోటళ్ళవాళ్ళకు మేమంటే ఎదురుగా దండాలు, వెనకాల శాపనార్థాలు.

మా ప్రాంతంలో రైసుమిల్లులకు కొదవలేదు, కాబట్టి ఊకకూ కొదవలేదు. చాలా హోటళ్ళలో ఊక పొయ్యిలే ఉండేవి. ఇనుప రేకుతో చేసిన పొయ్యి, దాని పక్కన వాలుగా ఒక గొట్టం. గొట్టంలో గుప్పెడు గుప్పెడుగా ఊక పోస్తుంటే కిందికి జారి మండుతుంది. చవక, మంట జోరు. తొందరపడి ఒకేసారి పోశారో, ఊక మంటను మూసేసి గదంతా పొగ కమ్ముతుంది. తర్వాత భగ్గుమని పొయ్యి నోట్లోంచి మంట బయటికి తన్నుతుంది. అందుకని పొయ్యి చుట్టూ అంటుకునే వస్తువేదీ ఉండకూడదని నిబంధన. దగ్గర్లో రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్ళు వేలాడదీయాలి.

ఆ ఎర్ర బకెట్ల అడుగు గుండ్రంగా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. నేల మీద పెడితే నిలబడకూడదు. నిలబడితే ఇంటి పనికో వంట పనికో తీసుకుపోతారు. మరే పనికీ పనికిరాకూడదనే ఆ ఆకారం ఇచ్చారు. ఎంత తెలివైన ఏర్పాటో అని నేను మురిసిపోయేవాణ్ణి.

అల్లూరులో మస్తానమ్మ అనే ఆమె భోజన హోటలు నడిపేది. చేపలు పట్టే కుటుంబం. అంతకుముందు గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. వంట ఆమె భర్త రమణయ్యది, పెత్తనం ఆమెది. మొదటిసారి తనిఖీకి వెళ్ళినప్పుడు పొయ్యి పక్కనే ఊక గుట్ట, వెనకాల తాటాకు గోడ, బకెట్లు లేనే లేవు. అన్నీ సరిచేయమని నోటీసు ఇచ్చి, గడువు తర్వాత వస్తానని చెప్పాను. ఆమె వాకిలి దాకా వచ్చి ఒక్కటే మాట అన్నది.

"మీరు చెప్పినట్టే చేస్తాము సార్. లైసెన్సు మాత్రం ఆపబాకండి. గంప దించి ఇప్పుడిప్పుడే మెడ నిలబెట్టుకుంటుండా. మళ్ళా ఎత్తించబాకండి."

ఆ గడువు లోపల నేనూ, మా లీడింగ్ ఫైర్‌మన్ ఖాదర్ బాషా జిల్లాలో చాలా హోటళ్ళు తిరిగాము. లీడింగ్ ఫైర్‌మన్ అంటే మంట దగ్గర జట్టును నడిపించేవాడు. బాషా మంట దగ్గర సింహం, మిగతా వేళల్లో నవ్వు ఆపుకోలేని మనిషి. బకెట్లు ప్రతిచోటా ఉన్నాయి. నీళ్ళే లేవు. ఒకచోట సాలెగూడు, ఒకచోట ఉల్లిపాయలు, ఇంకోచోట హోటలు యజమాని చెప్పులు. నోరు నొప్పి పుట్టేలా అరిచాను. ఏమి లాభం? మేము వీధి మలుపు తిరిగేదాకానే ఆ భయం.

మళ్ళీ అల్లూరు వెళ్ళాము. మధ్యాహ్నం, భోజనాల వేళ. తూర్పు నుంచి సముద్రపు గాలి బాగా వీస్తోంది. వంటిల్లు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఊక వెనక దొడ్లోకి పోయింది. పొయ్యి వెనక తాటాకు తీసేసి మట్టిగోడ పెట్టారు. పొగగొట్టం పెంకులు దాటింది. ఇసుక నిండుగా ఉంది. నీళ్ళ బకెట్ల మీద మాత్రం చెక్క మూతలు, మూతల మీద రాళ్ళు. ఇదేమిటని ఒక రాయి తీసి మూత ఎత్తాను. ఛళ్ళుమని నీళ్ళు ఎగిరి నా ఖాకీ చొక్కా తడిసిపోయింది. లోపల మూరెడు కొరమీను.

బాషా గోడవైపు తిరిగి దగ్గుతున్నట్టు నటించాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నిప్పు ఆర్పే బకెట్లో చేపలా అని గద్దించాను.

"ఏం చేసేది సార్? బతికుండే చేపను చూపిస్తే గానీ తినరు మావోళ్ళు. కింద తొట్టిలో పెడితే పిల్లి బతకనియ్యదు. ఇవైతే కొక్కేనికి వేలాడతా ఉంటాయి, పిల్లికి అందవు. దేవుడిచ్చినట్టు ఉండాయి మీ బకెట్లు!"

నేను అంతగా మురిసిపోయిన ఆకారం గతి అదీ. ఇలాంటి రిపోర్టు పంపితే లైసెన్సు రాదని చెప్పాను. మస్తానమ్మ ముఖం వాడిపోయింది. రమణయ్య కంగారులో చేట నిండా ఊక ఒక్కసారిగా గొట్టంలో కుమ్మరించాడు. గదంతా పొగ. నేను వద్దని అరిచేలోగా పొయ్యి భగ్గుమంది. మంట నాలుక పక్కకు సాగి, అక్కడ నిలబెట్టిన తాటాకు తడికను అందుకుంది. నిబంధనకు విరుద్ధమైన ఆ తడికను నేను అంతదాకా చూడనే లేదు. సముద్రపు గాలికి పొగ మా కళ్ళలోకి కొట్టకూడదని, మేము వచ్చాకే మర్యాద కొద్దీ అడ్డం పెట్టారట!

బాషా జీపులోని సామాను కోసం ఉరికాడు. మస్తానమ్మ ఆగలేదు. కొక్కెం నుంచి బకెట్ లాగి, మూత విసిరేసి, చేపతో సహా నీళ్ళు తడిక మీద విసిరికొట్టింది. రెండోది రమణయ్య అందుకున్నాడు. చుయ్‌మని శబ్దం, ఆవిరి, అంతే. బాషా తిరిగొచ్చేసరికి ఆర్పడానికి ఏమీ మిగల్లేదు. కొరమీనులు మాత్రం నేల మీద ఎగిరెగిరి పడుతూ భోజనాల గదిలోకి దూరాయి. తింటున్నవాళ్ళు ఎంగిలి చేతులతోనే లేచి వాటి వెంట పడ్డారు. "అక్కా, బెంచీ కింద ఉండాది! అటు పోతుండాది, పట్టు పట్టు!" ఒకటే గోల. ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లి, ఒకదాన్ని నోట కరుచుకుని గోడెక్కింది. నవ్వి నవ్వి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మస్తానమ్మ కూడా నవ్వింది గానీ, చూపు నా చేతిలోని కలం మీదే ఉంది.

"జిల్లా అంతా తిరిగినాం గదా సార్," అన్నాడు బాషా. "నీళ్ళుండే బకెట్లు ఈడొక్కచోటే చూసినాం."

చేప బతకాలంటే నీళ్ళు నిండుగా ఉండాలి, రోజూ మార్చాలి. నా నోటీసులు చేయలేని పని కొరమీను చేసింది. అలాగని నిబంధన పక్కన పెట్టలేను. చేపలకు మూత ఉన్న వేరే తొట్టి పెట్టుకోమన్నాను. ఆ తొట్టి నీళ్ళు మాత్రం రోజూ ఎర్ర బకెట్ల నుంచే పోయాలి, పోసిన వెంటనే బకెట్లు నింపాలి, పొయ్యి దగ్గర తడిక ఎవరి మర్యాద కోసమూ పెట్టకూడదు. ఈ షరతులతో లైసెన్సు ఇవ్వవచ్చునని అక్కడే రాసి సంతకం పెట్టాను. ఆమె చేతులు జోడించింది. వెంటనే రమణయ్య వైపు తిరిగి, ఊక పోయడం కూడా రాని వంటమనిషి దొరికాడని తిట్టడం మొదలుపెట్టింది.

తనిఖీ పూర్తికాకుండా హోటల్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని మా నియమం. సంతకం అయింది కాబట్టి ఇద్దరమూ విస్తరి ముందు కూర్చున్నాము. మంటను ఆర్పిన చేపల్లో పిల్లికి దక్కనిది మాకు దక్కింది. అంత రుచిగల పులుసు మళ్ళీ తినలేదు.

అప్పటి నుంచి ఏ హోటలుకు వెళ్ళినా బకెట్లు ఎక్కడని అడగడం మానేశాను. పొద్దున్నే మొదట దేనికి నీళ్ళు వాడతారని అడిగేవాణ్ణి. కళ్ళాపికైతే ఎర్ర బకెట్ నీళ్ళతోనే చల్లి మళ్ళీ నింపమని, బల్లలు కడగడానికైతే దానితోనే కడిగి నింపమని రాసేవాణ్ణి. తర్వాత తనిఖీలకు వెళితే బకెట్లు నిండుగానే కనిపించేవి. రోజూ వాడే నీళ్ళే మంట వచ్చిన రోజు చేతికి అందుతాయి.