బోదకాలు మాత్రలు, బోనాల లెక్క

ఆగస్టులో ఓ మధ్యాహ్నం నార్సింగిలోని మా ఇంట్లో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. బోదకాలు రాకుండా మాత్రలు పంచే ఆశా కార్యకర్త వచ్చింది. కళ్లెదుట మింగించనిదే కదలదని మా వీధిలో ఆమెకు పేరు. త్వరగా వదిలించుకుందామని మైకు ఆపి అరచేయి చాపాను.

"నెలసరి ఎప్పుడొచ్చింది బిడ్డా?" అంది.

అత్తమ్మ పక్కనే ఉంది. నాకు పెళ్లయి ఐదేళ్లు. ఒకసారి కడుపు నిలిచి, మూడో నెలలో పోయింది. అప్పటినుంచీ ఆ ప్రశ్న ఎవరడిగినా నాకు ఒళ్లు మండేది.

"మా రిలీజ్ వారంలో. పది రోజులైంది, చాలా?" అన్నాను. మా సాఫ్ట్‌వేర్ టీములో అందరం అంతే, జ్వరాలూ పెళ్లిళ్లూ కూడా రిలీజులతోనే గుర్తుపెట్టుకుంటాం.

ఆమె మాత్రలివ్వలేదు. వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "ఈ ఏడు బోనం ఎత్తినవా?"

"లేదక్కా. ఆ పొద్దున్నే నెలసరి వచ్చింది. అత్తమ్మే ఎత్తింది."

"మల్ల దాని తర్వాత?"

మనసులోనే వెనక్కి లెక్కపెట్టాను. కడుపు మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని పనిచేసింది రిలీజ్ వారంలోనే, నిజమే. కానీ అది రిలీజుకు మొదట అనుకున్న వారం, బోనాల వారం. తర్వాత రిలీజు రెండుసార్లు వాయిదా పడింది. దాంతోపాటే నా లెక్కనూ జరుపుకుంటూ పోయాను.

"రాలేదు" అన్నాను.

"గట్లయితే ఇప్పుడు గోలీలు వద్దు. కడుపుతోని ఉన్నోళ్లకు ఇయ్యం. ముందు ఇది చూస్కో" అని సంచిలోంచి పరీక్ష కిట్టు తీసింది.

రెండు గీతలు. బయటికొచ్చి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"ఫికర్ చెయ్యకు. రేపు దవాఖానకు పోదాం" అంది.

పోయినసారి ఏ మాత్ర వేసుకున్నందుకు అలా అయిందోనని నెలల తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. ఈసారి ఆ అనుమానం నా దరి చేరకుండా చేసింది ఆమే. ఆమెను తలుచుకోకుండా నాకు ఆ తొమ్మిది నెలలు గుర్తురావు.

మరుసటి ఏడాది మాత్రలు పంచడానికి మళ్లీ వచ్చింది. నా చంకలో నాలుగు నెలల పాపను చూసి మురిసిపోయింది. అయినా సంచిలోంచి ముందు తీసింది మాత్రలు కాదు, కిట్టే.

నేను పాపను ఆమె చేతికిచ్చి, అడక్కముందే బాత్రూంలోకి నడిచాను.