గ్యాలరీలో లేచిన చెయ్యి

మాది చోడవరం దగ్గర పల్లెటూరు. నాన్న చెరుకు రైతు. ఆమధ్య ఢిల్లీ చూపిద్దామని తీసుకెళ్లాను. తెలిసినవాళ్లు పాసులు ఇప్పిస్తే లోక్‌సభ గ్యాలరీలో కూర్చున్నాం. నోరు మెదపకూడదని ముందే హెచ్చరించి, ఫోన్లు బయటే ఉంచేశారు.

కింద భూముల బిల్లు మీద చర్చ ముగిసింది. ఆ బిల్లు గురించి ఊళ్లో రకరకాల మాటలు విని నాన్న దిగులుగా ఉన్నాడు. సభాపతి హిందీలో ఏదో అడిగారు.

"ఏటంతన్నారమ్మా?"

"ఒప్పుకునేవాళ్లు అవునని, కానివాళ్లు కాదని చెప్పమంటున్నారు" అని గొణిగాను.

మా గ్రామసభలో అలా అడిగితే లేచి చెయ్యెత్తడం నాన్నకి అలవాటు. ఇక్కడా లేచాడు.

"నాను ఒప్పుకోను బాబూ!"

మరుక్షణం సఫారీ సూట్లవాళ్లు మమ్మల్ని బయటికి నడిపించి ఓ గదిలో కూర్చోబెట్టారు. గ్యాలరీలో అరిస్తే జైలేనని ఎక్కడో చదివాను. వచ్చీరాని హిందీలో బతిమాలుతుంటే, నాన్న పక్కనుంచి "అడిగేరు, సెప్పేను. తప్పేటి?" అంటూనే ఉన్నాడు. చివరికి ఓ అధికారి మందలించి వదిలేశాడు.

బయటికొచ్చాక, "అయితే సట్టం అయిపోయినట్టేనా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా. రాజ్యసభ కూడా ఒప్పుకోవాలి, ఆపైన రాష్ట్రపతి సంతకం పెట్టాలి."

"ఆ సభ ఎటేపమ్మా?"

ఆటో ఎక్కేదాకా ఆయన చెయ్యి వదిలితే ఒట్టు.

ఇప్పటికీ టీవీలో "బిల్లుకు ఆమోదం" అని వినపడితే నాకు గుండె దడ. నాన్న మాత్రం మంచం మీద నుంచే చెయ్యెత్తుతాడు.