దారం పురుగు

జడ్చర్ల నుంచి నాలుగు మైళ్లు లోపలికి వెళ్తే ఎర్ర చెల్కల మధ్య రేకుల కప్పు వేసిన రెండు గదులు ఉండేవి. అదే మా పరిశోధన కేంద్రం. ఒక గదిలో పెద్దసారు బల్ల, బీరువా, సూక్ష్మదర్శిని. రెండో గదిలో నేను, పురుగులు. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమైన మరుసటి ఏడు నేనక్కడ సహాయకుడిగా చేరాను. హైదరాబాదులో జంతుశాస్త్రం చదివి, హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్లో ఊరికే కూర్చున్న రోజులవి. కొడుక్కి సర్కారు నౌకరీ వచ్చిందని బాపు ఊరంతా చెప్పుకున్నాడు. అది ఏడాది ముచ్చటేనని నేను ఆయనకు చెప్పలేదు.

మాది స్కీము. ఢిల్లీ నుంచి ఏటా మంజూరు ఉత్తరం వస్తేనే దానికి ఊపిరి. మార్చి వచ్చిందంటే అందరి చెవులూ టపాబంట్రోతు సైకిలు గంట మీదే. ఒక ఏడు ఏప్రిల్ దాటినా ఉత్తరం రాలేదు. పురుగులకు ఆ సంగతి తెలియదు కదా, వాటికి పూటపూటకూ లేత ఆకు కావాలి. బావి పక్కన తడి పెట్టి పెంచుకున్న నాలుగు సాళ్ల ఆముదం ఆకులు కోసి వేస్తూ, ఉద్యోగం ఉందో లేదో తెలియకుండానే నెలన్నర పనిచేశాను. పెద్దసారు ఆ నెలన్నరా హైదరాబాదులో వాళ్లింట్లో ఉన్నారు.

ఆముదం పాలమూరు, నల్గొండ జిల్లాల బీదరైతుకు అన్నం పెట్టే పంట. దాన్ని తినేది దాసరి పురుగు. నడుము పైకి వంచి, ముడుచుకుంటూ చాచుకుంటూ నడుస్తుంది. ముసురు తగ్గి ఎండ కాసిందంటే వారం రోజుల్లో చేను మొత్తం ఈనెలే మిగులుతాయి. దాన్ని మందులేకుండా అదుపు చేయొచ్చా అన్నది మా స్కీము ప్రశ్న.

జవాబు దొరికింది నాకు కాదు, పెద్దసారుకూ కాదు. పురుగులు ఏరడానికి వచ్చే కూలీల్లో నలభై ఏళ్ల మనిషి ఒకామె ఉండేది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. అందరూ అక్క అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఒక పొద్దున ఆమె డబ్బాలో వేయాల్సిన పురుగును అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“గిది సూడు సారూ. తోకకాడ గుడ్డు లెక్క పట్టుకోని ఉన్నది. గిసుంటియి ఆకు ముడ్తలేవు. రెండొద్దుల సంది సూస్తున్న. వీటిని సంపొద్దు.”

ఆ గుడ్డును లాంతరు చిమ్నీలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కట్టాను. అయిదారు రోజుల తర్వాత అందులోంచి నల్లటి చిన్న కందిరీగ బయటికి వచ్చింది. నువ్వు గింజంత కూడా లేదు. అది పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. లోపల పిల్ల పెరిగి, బయటికి వచ్చి, పురుగు తోక దగ్గరే గూడు అల్లుకుంటుంది. పురుగు అప్పటికి ఇంకా బతికే ఉంటుంది, కానీ ఇక తినదు. ఇలాంటి కందిరీగలను పెంచి చేలల్లోకి వదిలితే? ఆ ఆలోచనతో నాకు మూడు రోజులు సరిగా తిండి సహించలేదు.

పెంచడం అంత సులువు కాలేదు. చిమ్నీలో పురుగులు పెట్టి కందిరీగలను వదిలితే ఒకసారి గుడ్డు పెట్టేవి, పదిసార్లు పట్టించుకునేవి కావు. రెండు కార్తెలు అలా పోయాయి. ఆ చిక్కు విప్పింది కూడా అక్కే. పురుగు వయసుకు ఆమెకు సొంత మాటలున్నాయి. గుడ్డులోంచి వచ్చి రెండు మూడు రోజులైనది దారం పురుగు. తర్వాత పుల్ల పురుగు. బాగా ముదిరితే వేలు పురుగు. “దారం పురుగు మీదనే గా కందిరీగ కూసుంటది సారూ. పుల్ల పురుగైనంక తల ఇసిరి కొడ్తది, ఇగ దగ్గరికి పోదు.” చూశాను. నిజమే. అప్పటినుంచి దారం పురుగులే పెట్టాము. గూళ్లు కుప్పలుగా వచ్చాయి. నా నోటుబుక్కులో ఆ మాటలే రాసుకున్నాను, ఎందుకంటే వాటికంటే సరిగ్గా చెప్పే మాటలు నా చదువులో లేవు.

పెద్దసారు ఆ నోటుబుక్కు చూసి ఎర్ర పెన్సిలు తీశారు. ఆయన విదేశంలో చదువుకుని వచ్చిన మనిషి, తెల్ల చొక్కాకు మట్టి అంటితే ముఖం చిట్లించేవారు. “దారం, పుల్ల, వేలు. ఇది పరిశోధనా, కూలివాళ్ల కబుర్లా?” అంటూ ఒక్కో మాట మీదా గీత కొట్టుకుంటూ పోయారు. అవి వయసు చెప్పే మాటలని నేను చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపారు. నా యాసను బంట్రోతు ముందు అనుకరించి నవ్వడం ఆయనకు అలవాటు. ఆ రోజు కూడా నవ్వారు.

నాలుగో ఏడు మంజూరు ఉత్తరం కోతతో వచ్చింది. ఒక పోస్టు తీసేయాలి. పెద్దసారుకు మేనకోడలి భర్త ఒకతను మా దగ్గరే గుమాస్తాగా ఉండేవాడు, పురుగును చూస్తే కాళ్లు పైకి తీసుకునేవాడు. అతను ఉన్నాడు, నేను పోయాను. సామాను సర్దుకుంటున్న రోజునే టపాలో ఒక పత్రిక కట్ట వచ్చింది. మీద పెద్దసారు పేరు చూసి విప్పాను. నా నాలుగేళ్ల పని పదకొండు పేజీల్లో అచ్చయి ఉంది. పెంపకం అంతా తానే స్వయంగా చేసినట్టు రాసుకున్నారు. నా పేరు లేదు, కూలీల ప్రస్తావన లేదు. చివర్లో కృతజ్ఞతలు చెప్పింది టైపిస్టుకు. నోటుబుక్కులు అడిగితే అవి సర్కారు ఆస్తి అని బీరువాకు తాళం వేశారు.

నేను నల్గొండలో హైస్కూలు సైన్సు పంతులునయ్యాను. పిల్లలకు కప్ప గుండె బొమ్మ గీస్తున్నప్పుడు కూడా నా మనసు ఆ బీరువా ముందే నిలబడి ఉండేది. గడ్డం గీసుకుంటూ ఆయనతో అనాల్సిన మాటలు అద్దంలో అనుకునేవాణ్ని. మాటలు బాగా కుదిరిన రోజు కత్తి గొంతు మీద గీసుకునేది. ఏటా మార్చి వచ్చిందంటే ఆ స్కీము మూతపడిందని ఎవరైనా చెబుతారేమోనని ఎదురు చూసేవాణ్ని. పెళ్లయింది, కూతురు పుట్టింది, పగ మాత్రం తగ్గలేదు. పైగా నా దగ్గర ఒక ఆయుధం ఉంది. ఆ అచ్చు కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. అందులో దారం పురుగు లేదు. ఆయన కొట్టేసిన ప్రతి మాటా పోయింది. పురుగు వయసుతో పనిలేకుండా అన్నిటి మీదా కందిరీగ గుడ్డు పెడుతుందని రాశారు.

మూడేళ్లకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఎన్నడూ లేనిది, నన్ను గారు అని సంబోధించారు. ఢిల్లీ నుంచి సంఘం ఒకటి చూడటానికి వస్తోందట. నచ్చితే స్కీమును అయిదేళ్లకు కలిపి మంజూరు చేస్తారట, ఏటేటా అడుక్కునే బాధ ఉండదట. కానీ కందిరీగలు పెరగడం లేదట, కారణం తెలియడం లేదట, వారం రోజులు వచ్చి చూసి వెళ్లమన్నారు. ఉత్తరాన్ని స్టాఫు గదిలో నాలుగుసార్లు చదువుకున్నాను. ఆ సాయంత్రం కార్డు కొని ఒకే వాక్యం రాశాను: అన్నీ తమ వ్యాసంలో ఉన్నాయి.

కార్డు డబ్బాలో వేశాక ఒక సంగతి తట్టింది. అక్కకు తెలుసు. ఆమె ఇంకా అక్కడే కూలికి వెళ్తోంది. ఆ ఆదివారం బస్సెక్కి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు, అక్కణ్నుంచి జడ్చర్ల, అక్కణ్నుంచి నడిచి ఆమె గుడిసెకు వెళ్లాను. జొన్నరొట్టె పెట్టింది. పెద్దసారు ఏమైనా అడిగాడా అన్నాను. ఆయన తనను ఏనాడూ ఏమీ అడగడని, ముదిరిన పురుగులు పెడుతున్నారని తాను అనబోతే గుమాస్తా కసిరాడని చెప్పింది.

“ఇగ చెప్పకు అక్కా,” అన్నాను. “ఢిల్లీ నుంచి వచ్చినోళ్లు అడిగినా చెప్పకు. నా కోసం.”

ఆమె పెనం మీద ఇంకో రొట్టె తిప్పింది. “నీ పేరు గొట్టేసిండని నాకు ఎరికే,” అంది చివరికి. “సరే, చెప్ప.” ఆ మాట కోసమే వెళ్లాను కనుక, అది దొరకగానే లేచాను. స్కీము పోతే ఆమె సంగతేమిటని నాకు ఆ గుడిసెలో ఒక్కసారి కూడా తోచలేదు.

సంఘం వచ్చిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. తల మీద తువ్వాల వేసుకుని, పిలిపించిన రైతుల వెనక నిలబడ్డాను. ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒకాయన బాగా వయసు మళ్లినవాడు, మెడలో దారానికి కట్టుకున్న భూతద్దం వేలాడుతోంది. కొత్త గాజుపెట్టెలో నిగనిగలాడే వేలు పురుగులు పెట్టారు, చూడటానికి బాగుంటాయని కాబోలు. మిగిలిన పది పన్నెండు కందిరీగలను వదిలారు. అవి గాజుకు అతుక్కుని కూర్చున్నాయి. ఒకటి పురుగు మీద వాలబోతే పురుగు తల విసిరింది. అది మళ్లీ గాజు మీదికే పోయింది. ఎండ పెరుగుతోంది. ఏ వయసు పురుగును ఎంచుకుంటుందని ముసలాయన అడిగాడు. అన్ని వయసులనూ అన్నారు పెద్దసారు. మరి వాలడం లేదేమని అడిగాడు. వాతావరణం అన్నారు. చేలోకి తీసుకెళ్లి ఒక్క గూడైనా చూపించమన్నాడు. నలుగురూ సాళ్లలో వంగి వంగి వెతికారు. పెద్దసారు తెల్ల చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది.

అరగంట వెతికాక ముసలాయన కూలీల వైపు తిరిగి, వచ్చీరాని హిందుస్తానీలో మీకేమైనా తెలుసా అని అడిగాడు. అక్క ముందు వరసలోనే ఉంది. తల ఎత్తి రైతుల వెనక ఉన్న నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. “తెల్వదు దొరా,” అంది.

అప్పుడే పెద్దసారు నన్ను చూశారు. ఆమె చూపు వెంటే ఆయన చూపూ వచ్చింది. నేను తువ్వాల తీసి, ఆయనకు కనబడేలా నిలబడ్డాను. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం చూశాను. ఆ ఒక్క నిమిషం కోసం మూడేళ్లు బతికాను, ఆ నిమిషం నేననుకున్నంత తియ్యగానూ ఉంది. అది అబద్ధమని ఇప్పుడు చెప్పలేను. తిరుగు బస్సులో నవ్వు ఆపుకోలేక పక్కవాళ్లు చూస్తుంటే కిటికీ వైపు తిరిగాను.

మార్చిలో మంజూరు రాలేదు. కేంద్రానికి తాళం పడింది. పెద్దసారు వీధిన పడతారనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆయన రాజధానిలో ఇంకా పెద్ద కుర్చీలో కూర్చున్నారు. పురుగుల పొడి మందుల విభాగానికి అధికారి. మేనకోడలి భర్తను కూడా తీసుకెళ్లారు. ఆ వార్త చెప్పిన పాత బంట్రోతుకు నేను చాయ్ కూడా ఇప్పించలేదు.

అక్క సంగతి కూడా వాడే చెప్పాడు. ఊళ్లో పని లేక పిల్లలతో కలిసి మేస్త్రీ వెంట కృష్ణ మీద కట్టే పెద్ద డ్యాముకు వెళ్లిందట. పండక్కి మా ఊరికి పోతూ దారి మళ్లించుకుని అక్కడికి వెళ్లాను. పాలమూరు మనుషులు వేల మంది, చీమల బారులా రాళ్లు మోస్తున్నారు. రెండు గంటలు అడుగుతూ తిరిగితే దొరికింది. తల మీది చుట్టకుదురు తీయకుండానే నిలబడింది. పెద్దపిల్ల వేలు రాయి కింద నలిగి గోరు పోయిందని బంట్రోతు చెప్పాడు, ఎట్లా ఉందని అడిగాను.

“ఉన్నది,” అంది. తర్వాత గొంతు పెంచకుండానే అంది. “నువ్వు ఆయన మీద కచ్చ తీర్సుకున్నవు సారూ. ఆయనకేమైంది? కుర్సీ మారింది. నీకు బడి ఉన్నది. ఆ పురుగు సంగతి దొరికిచ్చింది నేను, దాన్ని దాపెట్టమని నువ్వు చెప్పినవు. నా నోటితోనే నా కూలి పోగొట్టినవు.”

ఆయన నా పేరు తీసేస్తే మూడేళ్లు కుమిలిపోయాను. ఆమె పేరు కనీసం నా నోటుబుక్కులోనైనా రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మాటలు రాసుకున్నాను, ఎవరివో రాయలేదు. ఏమైనా చేయమంటావా అన్నాను. జర పక్కకు జరగమంది, వెనక వరస ఆగిపోతోందని.

ఆ పండగ మూడు రోజులూ ఇంట్లో కూర్చుని సంఘంలోని ముసలాయనకు ఇంగ్లీషులో పద్నాలుగు పేజీల ఉత్తరం రాశాను. దారం పురుగు సంగతి, కనిపెట్టినామె పేరు, ఊరు, ఆ రోజు ఆమె ఎందుకు తెలియదన్నదో, ఎవరి వల్ల అన్నదో, అన్నీ. మూడు నెలలకు జవాబు వచ్చింది. మర్యాదగా రాశాడు. తన భూతద్దానికి దొరకనిది ఆమె కంటికి దొరికిందని, ఈ ఏటి నిధుల కేటాయింపు అయిపోయిందని, వచ్చే ఏడు పరిశీలిస్తారని. వచ్చే ఏడు ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. ఆ తర్వాత నా ఉత్తరాలకు ఎవరూ జవాబు రాయలేదు.

ఆ వానాకాలం నల్గొండ చుట్టుపక్కల చేలన్నిటికీ సర్కారు పొడి మందు వచ్చింది. నా బడి వెనక చెల్కలోనూ చల్లారు. మర్నాడు వెళ్లి ఆకులు తిప్పి చూస్తే దాసరి పురుగులతో పాటు నల్ల కందిరీగలు కూడా రాలి ఉన్నాయి. మందు సంచి మీద అధికారిగా పెద్దసారు పేరు అచ్చు వేసి ఉంది. ఆ పేరు చదివి అక్కడే సాలు మధ్య నిలబడి, అద్దం ముందు అనుకున్న మాటలన్నీ గట్టిగా అన్నాను. ఈసారి వాటిలో కొన్ని నా మీద కూడా ఉన్నాయి.