అడవులదీవి దగ్గర ఆగిన జీపు

బాపట్ల నుంచి మా అంబులెన్సు రేపల్లె చేరేసరికి పొద్దున్న ఏడయింది. 1977, ఉప్పెన వచ్చిన వారం. వాన లేదు, గాలి లేదు. రోడ్డు పొడవునా కూలిన స్తంభాలు, చిరిగిన వలలు, ఉబ్బిన గేదెలు. నేను సైన్యంలో నర్సింగు ఆఫీసర్ని, లెఫ్టినెంటుని. పుట్టింది తెనాలి. ఆడదానికి మిలటరీ ఏంటని ఇంకా అడిగేవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయొచ్చు.

సామాను: ఒక గుడారం, సెలైను సీసాలు, కలరా సూదిమందు, రేడియో సెట్టు. మనుషులు: డాక్టరు కెప్టెన్, డ్రైవరు, సెట్టు చూసే హవల్దారు. అడవులదీవి శివార్లలో బడి అరుగు మీద మకాం. చేరగానే కెప్టెన్ పడవెక్కి, దారి తెగిన పల్లెలకు వెళ్ళిపోయాడు.

బావుల్లో అంతా ఉప్పునీరే. లారీలో డ్రమ్ములు వచ్చాయి. ఒక దాంట్లో డీజిల్, మిగతా వాటిలో మంచినీళ్ళు అన్నారు. అన్నీ పాత డీజిల్ డ్రమ్ములే, అన్నిటిదీ ఒకటే కంపు. సుద్దతో పెట్టిన గుర్తులు తడికి చెరిగిపోయాయి. దించినవాడు ఒకదాన్ని కాలితో తన్ని, "డీజిల్ ఇదేనండి" అని వెళ్ళిపోయాడు. దాన్ని ముట్టుకోవద్దని రేడియోలో ఆర్డరు వచ్చింది. ప్రభుత్వంలో ఒక పెద్దమనిషి పరామర్శకు వస్తున్నాడట, అది ఆయన తిరుగు ప్రయాణానికట. హవల్దారు దాని మీదే కూర్చుని కాపలా కాశాడు.

మర్నాడు చేపలమ్మే మంగమ్మ కూతుర్ని భుజాన వేసుకొచ్చింది. పిల్ల పేరు నాగమణి, ఆరేళ్ళుంటాయి. వాంతులు, విరేచనాలు. కళ్ళు గుంటలు పడ్డాయి, నాడి అందీ అందనట్టుంది. సెలైను ఎక్కించాను. రేపల్లె ఆస్పత్రికి చేరిస్తే బతుకుతుంది. ఇక్కడే ఉంచితే సాయంత్రం చూడదు. అంబులెన్సులో ఒక్కసారి వెళ్ళడానికి సరిపడా డీజిల్ ఉంది.

"తియ్యి బండి" అన్నాను డ్రైవరుతో.

"కుదర్దండి మేడమ్. ఆయనొచ్చి వెళ్ళేదాకా బండి కదలకూడదంట."

"ఎందుకంట?"

"ఆయనకేవన్నా అయితేనో అని."

"ఇక్కడ అవుతున్నది కనపడ్డంలా?"

హవల్దారు చేతిలోంచి సెట్టు లాక్కున్నాను. "పేషెంటు ప్రాణం మీదుంది. బండి కావాలి. ఓవర్."

"ఆగండి. ఓవర్."

"ఎవరిచ్చారు ఆ ఆర్డరు? ఓవర్."

"పైనుంచి. ఓవర్."

"పైన ఎవరు? ఓవర్."

గరగర తప్ప ఏమీ రాలేదు. ఇంకో సెలైను సీసా మార్చాను.

పదకొండింటికి జీపు వచ్చింది. పెద్దమనిషి దాని మీదే నిలబడి మాట్లాడాడు. "ఎక్కడో అరబ్బు దేశాలు చమురు ధర పెంచితే మన లారీలు ఆగిపోతున్నాయి. ప్రపంచమంతా కష్టంలో ఉంది. మనమూ ఓర్చుకోవాలి."

మంగమ్మ నా చెవి దగ్గరికొచ్చింది. "అరబ్బంటే ఎక్కడమ్మా? నిజాంపట్నం అవతలా?"

"చాలా అవతల."

"ఆళ్ళకీ ఉప్పెనొచ్చిందా?"

"లేదు."

"మరి నా పిల్లని ఆపడానికి ఆళ్ళెవరు?"

నేను బి.ఎస్సీ. చదివినదాన్ని. వంగి పిల్ల నాడి మళ్ళీ చూశాను.

ఆయన జీపులో ఆ డ్రమ్ములోది పోశారు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మా డ్రైవరు డ్రమ్ములోంచి దోసెడు తీసి చూశాడు. పైన పల్చగా చమురు తెట్టు, కిందంతా నీళ్ళు.

"మంచినీళ్ళండి ఇవి."

"మరి డీజిలేది?"

మిగతావన్నీ తెరిచాం. అన్నీ నీళ్ళే. అసలు డీజిల్ బయల్దేరిందో, దారిలో దిగిపోయిందో, లేక మాటల్లోనే వచ్చిందో నాకిప్పటికీ తెలియదు.

"మీ బండి తీయించమ్మా. రేపల్లెలో మీటింగుంది" అన్నాడు పెద్దమనిషి.

"అలాగేనండి. వెనక ఎక్కండి."

"వెనకా?"

"సీసా తగిలించే కొక్కెం విరిగిపోయింది. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి పొడుగాటి మనిషి కావాలి."

ఆయన అనుచరుడొకడు ముందుకొచ్చాడు. "ఏయ్ అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"రేపల్లె వెళ్ళాల్సిన మనిషితో."

ఉన్నమాట చెప్పాలి. ఆయన ఎక్కి సీసా అందుకున్నాడు. నేను పిల్ల చెయ్యి కదలకుండా పట్టుకున్నాను. గతుకు గతుక్కీ సీసా ఊగింది. "దించమాకు బాబూ, దించమాకు" అంటూనే ఉంది మంగమ్మ. పిల్ల ఆయన తెల్ల పంచె మీద కక్కింది. ఆయన చెయ్యి మార్చుకున్నాడు తప్ప దించలేదు.

నాగమణి బతికింది. సాయంత్రానికి కళ్ళు తెరిచి అన్నం అడిగింది.

నెల తర్వాత సెలవు మీద తెనాలి వచ్చాను. అక్కడ ఏం చూశావని చుట్టాలు అడిగారు. శవాల గురించి చెబుతాననుకున్నారు. నాకు కనపడేది అంబులెన్సు వెనక భాగం. దానికి తలుపుల్లేవు. రోడ్డుకి అటూ ఇటూ ఇళ్ళు పోయినవాళ్ళు కూర్చుని ఉన్నారు. సెలైను సీసా బండి గుడ్డ కప్పు అంచు చాటున ఉండి వాళ్ళకి కనపడదు, ఎత్తిన చెయ్యే కనపడుతుంది. ఆయన తమకే చెయ్యి ఊపుతున్నాడనుకుని ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. తామూ చేతులెత్తారు. మేం ఆగలేదు. ఆయన చెయ్యి దించలేడు. రేపల్లె దాకా జనం చేతులెత్తుతూనే ఉన్నారు.